లినక్స్ గడియారంలో మీ గడువు తేదీలు కనపడాలంటే

విజయవాడ గవర్నర్‌పేటలో మా బాబాయికి ఒక చిన్న అకౌంట్ల ఆఫీసు ఉంది. వన్‌టౌన్ వ్యాపారులకు, బీసెంట్ రోడ్డు దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసి పెడతారు. గోడ క్యాలెండర్‌లో ప్రతి నెలా 11, 20 తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉంటాయి. అయితే ఆ గోడ ఆయన వీపు వెనక ఉంది. కంటికి ఎదురుగా ఉండేది కంప్యూటర్ తెర, ఆ తెర కింద కుడి మూలన గడియారం. "అబ్బాయ్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చూసేది ఈ గడియారాన్నే. ఆ సున్నాలు ఇక్కడే కనపడేలా చేయలేవా?" అని ఒకరోజు అడిగారు.

చేయవచ్చు. ఆ కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. దాని గడియారంలో ఈ సదుపాయం ముందే ఉంది, కాకపోతే వాడుకునేవారు తక్కువ. మీరు కూడా మింట్ గాని, గ్నోమ్, కేడీఈ ప్లాస్మా అనే ఇతర లినక్స్ డెస్క్‌టాప్‌లు గాని వాడుతుంటే ఒక గంట కేటాయించండి. రిటర్నులే కానక్కరలేదు. చిట్టీ వాయిదా, పిల్లల పరీక్షలు, పెద్దల తద్దినాలు, ఏదైనా సరే, గడియారం మీద ఒక్కసారి నొక్కితే ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

గడియారం వెనక ఏముంది

సెట్టింగుల్లోకి వెళ్లే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఇది తెలియకపోతే తర్వాత ఎక్కడ ఆగిపోయారో మీకే అంతుపట్టదు. గడియారానికి మీ తేదీలు తెలియవు. అది వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణంలో కౌంటరు లాంటిది. సరుకు ఉండేది గోడౌనులో. గోడౌనుకు సరుకు మరో చోటి నుంచి వస్తుంది. ఇక్కడ గోడౌను పాత్ర పోషించేది, తెర మీద కనపడకుండా నడిచే ఒక సర్వీసు. మింట్‌లోనూ గ్నోమ్‌లోనూ దాని పేరు ఎవల్యూషన్ డేటా సర్వర్. కేడీఈలో అకొనాడి. సరుకు వచ్చే చోటు అంటే మీ గూగుల్ ఖాతా కావచ్చు, సొంత సర్వర్‌లో నడిపే నెక్స్ట్‌క్లౌడ్ కావచ్చు, లేదా మీ డిస్కు మీదే ఉన్న ఐసీఎస్ ఫైలు, అంటే క్యాలెండర్ తేదీలు దాచే ఫైలు కావచ్చు.

గడియారం మీద నొక్కినప్పుడు ఏమీ కనపడకపోతే చాలామంది గడియారం సెట్టింగులనే మళ్లీ మళ్లీ తిరగేస్తారు. కౌంటరు ఖాళీగా ఉంటే చూడవలసింది గోడౌను. అక్కడ కూడా లేకపోతే సరుకు పంపేవాణ్ని అడగాలి. నేను ఇప్పటిదాకా సరిచేసిన కంప్యూటర్లలో తప్పు గడియారంలో ఉన్నది దాదాపు లేదు.

ఈ ఏర్పాటును ఐచ్ఛికంగా ఉంచడానికీ కారణం ఇదే. కేవలం టైము చూసుకునేవారికి గోడౌను అక్కరలేదు. ఎప్పుడూ నడుస్తూ ఉండే ఒక సర్వీసుకు కొంత మెమరీ పోతుంది. పాత యంత్రాల్లో అది లెక్కలోకి వస్తుంది. పైగా అందరూ కూర్చునే కౌంటర్ కంప్యూటర్‌లో ఎవరు నొక్కినా మీ సొంత విషయాలు కనపడటం మంచిది కాదు. మీది అలాంటి కంప్యూటరైతే ఆఫీసు తేదీలు మాత్రమే పెట్టుకోండి, ఇంటి సంగతులు ఫోనులోనే ఉండనివ్వండి. బాబాయి ఆఫీసులో నేను చేసింది అదే.

మింట్‌లో చేయవలసిన పని

మింట్‌లో ఉండే సినమన్ డెస్క్‌టాప్‌లో ఈ సదుపాయం 5.2 వెర్షన్‌తో వచ్చింది. అంటే 2022 జనవరిలో విడుదలైన మింట్ 20.3 లేదా ఆ తర్వాతిది మీ దగ్గర ఉండాలి. అంతకంటే పాతదైతే ముందు అప్‌గ్రేడ్ చేసుకోండి. భద్రత కోసమైనా అది చేయవలసిన పనే.

గడియారం మీద మౌస్ కుడి బటన్ నొక్కి, కాన్ఫిగర్ అన్నది ఎంచుకోండి. క్యాలెండర్ ఈవెంట్లు చూపించాలా అని అడిగే మీట అక్కడ ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసి కిటికీ మూసేయండి. గడియారం వైపు పని అంతే.

ఇప్పుడు గడియారం మీద నొక్కితే నెల పట్టిక మాత్రమే వచ్చిందా? కంగారు పడకండి. క్యాలెండర్ ఒక్కటీ లేకపోతే ఈవెంట్ల భాగం అసలు తెరుచుకోదు. మెనూలో క్యాలెండర్ అని వెతకండి. మింట్‌తో పాటే వచ్చే గ్నోమ్ క్యాలెండర్ అది. లేకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఆ పేరుతో దొరుకుతుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఎవల్యూషన్ డేటా సర్వర్ కూడా తనంతట తానే వస్తుంది.

క్యాలెండర్ యాప్ మెనూలో మేనేజ్ క్యాలెండర్స్‌లోకి వెళ్లి కొత్తది ఒకటి చేర్చండి. పేరు తెలుగులోనే పెట్టండి. బాబాయికి మూడు చేశాను: "జీఎస్టీ" ఎరుపు, "బ్యాంకు" నీలం, "పండుగలు" పసుపు. గడియారం విప్పినప్పుడు ఆ రంగుల చుక్కలే తేదీల కింద కనపడతాయి. కాబట్టి రంగు ఎంపికను తేలికగా తీసుకోకండి. ఆరు నెలలు వాడాక చదవడం మానేసి చుక్క రంగుతోనే గుర్తుపడతారు. బాబాయి ఇప్పుడు "రేపు ఎర్రచుక్క" అనే అంటున్నారు.

ఫోనులో ముందే గూగుల్ క్యాలెండర్ నింపుకున్నవారైతే మళ్లీ టైపు చేయనక్కరలేదు. మెనూలో ఆన్‌లైన్ అకౌంట్స్ తెరిచి, గూగుల్ ఎంచుకుని లాగిన్ అవ్వండి. తర్వాత వచ్చే జాబితాలో మెయిలు, కాంటాక్టులు, ఫైళ్లు అన్నీ ఆన్ అయి ఉంటాయి. క్యాలెండర్ ఒక్కటి ఉంచి మిగతావి ఆపేయండి. అవసరం లేనిదాన్ని కంప్యూటర్‌కు అప్పగించవద్దు.

గ్నోమ్ వాడేవారికి ఇంకా తేలిక. తెర పైభాగం మధ్యలో ఉండే గడియారం ఇదే సర్వర్‌ను అడుగుతుంది. అక్కడ తిప్పవలసిన మీట కూడా లేదు. సెట్టింగ్స్‌లో ఆన్‌లైన్ అకౌంట్స్ కలిపితే చాలు.

తేదీలు ఎక్కించడంలో మెలకువలు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. గడియారం ఎంత బాగా పనిచేసినా, తేదీ తప్పుగా ఎక్కిస్తే తప్పునే చూపిస్తుంది.

నెలనెలా రిటర్ను వేసే వ్యాపారికి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బీ గడువు 20. మూడు నెలలకోసారి వేసేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 13, 22. పీఎఫ్, ఈఎస్‌ఐ 15న. వీటిలో నెలనెలా వచ్చేవి నెలవారీ పునరావృతంగా పెట్టడానికి అనువైనవి. ఈవెంటు చేసేటప్పుడు రిపీట్ దగ్గర మంత్లీ అని ఎంచుకోండి. అయితే గడువు రోజు మీదే చుక్క పెట్టి ఊరుకోకండి. 20వ తేదీ ఉదయం ఎర్రచుక్క చూసి లాభం లేదు. ఆ రోజు పోర్టల్ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఈ పని చేసేవారందరికీ తెలుసు. 16న "3బీ లెక్కలు సరిచూడాలి" అని మరో ఈవెంటు పెట్టండి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము. ఒక్క దుకాణానికి చిన్నదే కావచ్చు, నలభై దుకాణాలు చూసే ఆఫీసుకు పరువు సమస్య.

టీడీఎస్, అంటే చెల్లింపు దగ్గరే కోసుకున్న ఆదాయపు పన్ను, జమ గడువు తర్వాతి నెల 7. దీన్ని నెలవారీగా పెట్టేస్తే ఏప్రిల్ 7న కూడా చుక్క పడుతుంది. కానీ మార్చి నెల టీడీఎస్‌కు గడువు ఏప్రిల్ 30. కాబట్టి ఏప్రిల్‌కు వెళ్లి ఆ ఒక్క ఈవెంటును తెరిచి తేదీ మార్చండి. అప్పుడు కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ ఒక్కదానికేనా, ఇక ముందు వచ్చేవాటికి కూడానా? ఈ ఒక్కదానికే అని చెప్పండి. ఆ ప్రశ్న చదవకుండా తొందరగా నొక్కితే మిగతా పదకొండు నెలలూ 30కి జరిగిపోతాయి. మొదటిసారి నేను చేసిన పొరపాటు ఇదే. మే నెలలో పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

31వ తేదీన నెలవారీ ఈవెంటు పెట్టవద్దు. క్యాలెండర్ ఫైళ్లకు 2009లో వచ్చిన ప్రమాణం ప్రకారం, లేని తేదీ వస్తే ఆ నెలను వదిలేయాలి. అంటే ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, నవంబర్‌లలో మీ ఈవెంటు రాదు. షాపు అద్దె నెలాఖరున కట్టేవారు 28న పెట్టుకోవడం మేలు.

బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. 2015 సెప్టెంబర్ 1 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. "రెండో శనివారం" అన్న లెక్క గ్నోమ్ క్యాలెండర్‌లోని సాదా పునరావృతంతో కుదరదు. దీనికి ఎవల్యూషన్ అనే పెద్ద యాప్ కావాలి. అది కూడా అదే గోడౌను నుంచి తీసుకుంటుంది కాబట్టి అక్కడ రాసింది మీ గడియారంలోనూ కనపడుతుంది. ఎవల్యూషన్‌లో ఈవెంటు తెరిచి, పునరావృతం పేజీలో ప్రతి నెలా, రెండో, శనివారం అని వరుసగా ఎంచుకోండి. నాలుగో శనివారానికి మరొకటి. ఈ రెండు ఈవెంట్లూ ఒక్కసారి పెడితే మళ్లీ ముట్టుకునే పని ఉండదు. చెక్కులు జమ చేయడానికి శనివారం బయలుదేరి మూసిన తలుపు చూసి వెనక్కి రావడం మా ఆఫీసులో తప్పింది.

పంచాంగం సంగతి

మన పండుగల దగ్గర ఒక హెచ్చరిక. ఉగాదిని "ఏటా ఇదే తేదీన" అని పెట్టకండి. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న. తిథిని బట్టి వచ్చేదాన్ని ఇంగ్లిషు తేదీకి కట్టేస్తే రెండో ఏడే తప్పుతుంది. దసరా, దీపావళి, వినాయక చవితి, తద్దినం అన్నింటికీ ఇదే మాట. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వస్తుంది కాబట్టి జనవరి 14, 15ల దగ్గరే ఉంటుంది. అయినా ఏ రోజన్నది పంచాంగం చూసే పెట్టండి. 2024లో 15న, 2025లో 14న చేసుకున్నాం.

కేడీఈ ప్లాస్మాలో ప్రత్యామ్నాయ క్యాలెండర్ అనే ప్లగిన్ ఉంది. అందులో భారత జాతీయ క్యాలెండర్ కూడా ఎంచుకోవచ్చు. అది చూసి పంచాంగం వచ్చేసిందని సంతోషించినవారిని నేనెరుగుదును. అది వేరు, మన పంచాంగం వేరు. జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చిన శక సంవత్సర లెక్క. అందులో చైత్రం 1 ఎప్పుడూ మార్చి 22న, లీపు ఏడాదిలో 21న వస్తుంది. నెల పేర్లు చైత్రం, వైశాఖం అనే ఉంటాయి గాని, ఆ నెలలు సూర్యుడి నడకను అనుసరిస్తాయి. అందులో తిథి లేదు, అధికమాసం లేదు. 2026లో చూడండి, మన చైత్ర శుద్ధ పాడ్యమి మార్చి 19, అక్కడి చైత్రం 1 మార్చి 22. ప్రభుత్వ గెజిట్‌లో తేదీ చదవడానికి అది పనికొస్తుంది. తద్దినం పెట్టడానికి పనికిరాదు.

కాబట్టి దారి ఒక్కటే. మీ ఇంట్లో నమ్మే పంచాంగం ముందు పెట్టుకుని ఆ ఏడాది తిథులను చేత్తో ఎక్కించండి. ఇంటర్నెట్‌లో దొరికే పండుగల ఫైళ్లు వేరే ఊరి సూర్యోదయానికి లెక్కకట్టినవి కావచ్చు. ఒక్కోసారి రోజు మారిపోతుంది.

ఐసీఎస్ ఫైలు వచ్చినప్పుడు

కాలేజీవారో, అపార్టుమెంటు సంఘంవారో క్యాలెండర్‌ను ఐసీఎస్ ఫైలుగా పంపవచ్చు. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే క్యాలెండర్ యాప్ తెరుచుకుని దిగుమతి చేసుకోమంటుంది. దిగుమతి అంటే నకలు తీసుకోవడం. తర్వాత వాళ్లు తేదీ మార్చినా మీ దగ్గర మారదు. మార్పులు కూడా కావాలంటే ఫైలు అడగకండి, దాని వెబ్ చిరునామా అడగండి. కొత్త క్యాలెండర్ చేర్చే చోట ఆ చిరునామా అతికిస్తే కంప్యూటర్ అప్పుడప్పుడు వెళ్లి తాజాది తెచ్చుకుంటుంది. పరీక్షల తేదీలకు రెండో పద్ధతే సరైనది.

ఒకసారి బాబాయి దగ్గరికి వచ్చిన ఫైలులో ఉదయం 10 గంటల సమావేశం మధ్యాహ్నం 3:30కి కనపడింది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. ఆ అంకె చూడగానే కారణం తట్టాలి. మన దేశ సమయం అంతర్జాతీయ సమయం కంటే 5:30 గంటలు ముందుంటుంది. ఆ ఫైలు తయారుచేసినవారు 10 గంటలని రాసి, అది అంతర్జాతీయ సమయమని గుర్తు పెట్టారు. కంప్యూటర్ నమ్మకంగా 5:30 కలిపి చూపింది. ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే సమయం అంకెల చివర ఇంగ్లిషు జెడ్ అక్షరం కనపడుతుంది. ఆ ఒక్క అక్షరమే ఆ గుర్తు. పంపినవారికి చెప్పి సరిచేయించండి. కుదరకపోతే ఆ అక్షరం తీసేసి, భద్రపరచి, మళ్లీ దిగుమతి చేయండి.

రోజంతా ఉండే సెలవు రెండు తేదీల కింద చుక్కలు వేస్తే అదీ ఇదే కుటుంబానికి చెందిన తప్పు. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా అని అంతర్జాతీయ సమయంలో రాస్తే, మనకు అది ఉదయం 5:30కి మొదలై మర్నాడు 5:30కి ముగుస్తుంది. అందుకని సెలవులను "ఆల్ డే" అని టిక్ పెట్టే చేయండి. మీరే ఫైలు రాస్తుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి: ఆల్ డే ఈవెంటులో ముగింపు తేదీ లెక్కలోకి రాదు. 10 నుంచి 18 దాకా సెలవులైతే ముగింపు 19 అని రాయాలి. 18 అని రాస్తే ఆఖరి రోజు పోతుంది.

ముందుగా సిస్టమ్ సెట్టింగ్స్‌లో తేదీ, సమయం పేజీ తెరిచి, ప్రాంతం ఆసియా, కోల్‌కతా అని ఉందో లేదో, నెట్‌వర్క్ సమయం ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అదే యంత్రంలో విండోస్ కూడా ఉంటే ఇది మరీ ముఖ్యం. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉంచుతుంది, లినక్స్ అంతర్జాతీయ సమయం ఉందనుకుంటుంది. అటు వెళ్లి ఇటు వస్తే గడియారమే అయిదున్నర గంటలు ముందుకు పోవచ్చు.

తెలుగు పేర్ల స్థానంలో గళ్లు కనపడితే ఫాంటు లేదని అర్థం. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో నోటో లేదా లోహిత్ తెలుగు వెతికి పెట్టుకోండి. అక్షరాలు కాకుండా పిచ్చి గుర్తులు వస్తే ఫైలును యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనూ పట్టే పద్ధతిలో, భద్రపరచలేదన్నమాట. సొంతంగా ప్రోగ్రాము రాసి ఐసీఎస్ తయారుచేసేవారికి ఒక మాట: ప్రమాణం ప్రకారం ఒక్కో వరుస 75 బైట్లు దాటకూడదు, దాటితే విరిచి కింది వరుసలో రాయాలి. ఒక్కో తెలుగు వర్ణానికి మూడు బైట్లు పడతాయి. కాబట్టి పాతిక వర్ణాలకే హద్దు వచ్చేస్తుంది. వర్ణం మధ్యలో విరిస్తే పేరు చెడుతుంది.

కేడీఈ ప్లాస్మాలో

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చెల్లి కాలేజీలో పాఠాలు చెబుతుంది, తన ల్యాప్‌టాప్‌లో ప్లాస్మా ఉంది. అక్కడ గడియారం మీద కుడి బటన్ నొక్కి, డిజిటల్ క్లాక్ కాన్ఫిగర్ చేయమని ఎంచుకుని, క్యాలెండర్ పేజీకి వెళ్లాలి. ప్లగిన్ల జాబితా ఉంటుంది. సెలవులు, ఖగోళ ఘటనలు, ప్రత్యామ్నాయ క్యాలెండర్, పిమ్ (వ్యక్తిగత సమాచారం) ఈవెంట్లు. మీ సొంత తేదీలకు కావలసింది ఆఖరిది. అది జాబితాలో కనపడకపోతే కేడీఈ పిమ్ యాడాన్స్ అనే ప్యాకేజీ వేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. చాలా లినక్స్ పంపిణీల్లో అది గడియారంతో పాటు రాదు.

టిక్ పెట్టాక అప్లై నొక్కండి. నొక్కిన తర్వాతే ఎడమ పక్కన పిమ్ ఈవెంట్లు అనే కొత్త పేజీ పుడుతుంది. దాన్ని తెరిచి ఏ క్యాలెండర్లు చూపాలో మళ్లీ టిక్ పెట్టాలి. ఈ రెండో టిక్ దగ్గరే అందరూ ఆగిపోతారు. మా చెల్లి కూడా ప్లగిన్ ఆన్ చేసి, ఏమీ రావడం లేదని వారం రోజులు వదిలేసింది. ఆ పేజీయే ఖాళీగా ఉంటే గోడౌనులో సరుకు లేదు. కేడీఈ క్యాలెండర్ యాప్‌లైన మెర్కురో లేదా కేఆర్గనైజర్ తెరిచి, క్యాలెండర్ చేర్చి రండి.

అకొనాడి తన వెనక ఒక డేటాబేస్‌ను నడుపుతుంది. 4 జీబీ మెమరీ ఉన్న యంత్రంలో దాని బరువు తెలుస్తుంది. అలాంటి యంత్రంలో పిమ్ ప్లగిన్ వదిలేసి, సెలవుల ప్లగిన్ ఒక్కటే పెట్టి భారత్ ఎంచుకోమని నా సలహా. సెలవులకు అకొనాడి అక్కరలేదు.

ఏడాదికోసారి చేయవలసిన పని

బాబాయి ఇంట్లో ఉగాది సాయంత్రం పంచాంగ శ్రవణం అయ్యాక ఆయన కొత్త పంచాంగం చదువుతారు, నేను ఎవల్యూషన్‌లో ఎక్కిస్తాను. తాతయ్య తద్దినం, నాయనమ్మ తద్దినం, చవితి, నవరాత్రులు మొదలయ్యే రోజు, ఇలా ఒక గంట పడుతుంది. అయిపోయాక పక్కనున్న జాబితాలో "పండుగలు" మీద కుడి బటన్ నొక్కి, సేవ్ యాజ్ అని ఎంచుకుని, ఐసీఎస్ ఫైలుగా భద్రపరుస్తాం. ఫైలు పేరులో సంవత్సరం రాస్తాం. ఒక నకలు పెన్‌డ్రైవ్‌లోకి, ఒకటి గుంటూరులో చెల్లికి. తను ఆ ఫైలును కేఆర్గనైజర్‌లో చేర్చుకున్న మరునిమిషం నుంచి తాతయ్య తద్దినం రెండు ఊళ్ల గడియారాల్లోనూ ఒకే తేదీ కింద చుక్కగా కనపడుతుంది.